185/65 ఆర్15 సైజులో మైలేజీ ఇచ్చే టైర్లు – ఏం చూసి కొనాలి?

మద్దిలపాలెం పెట్రోల్:
పెట్రోల్ సెడాన్, సైజు 185/65 ఆర్15 88హెచ్. నాలుగు టైర్లూ అరుగుదల గుర్తు దాకా వచ్చేశాయి. నెలకు వెయ్యి కిలోమీటర్లు, ఎక్కువగా సిటీలోనే, అప్పుడప్పుడు హైవే మీద శ్రీకాకుళం. లీటరుకు 16 వస్తోంది. షాపులో 195/60 వేసుకోమంటున్నారు. మైలేజీ టైర్లకు ఎక్కువ పెడితే ఆ డబ్బు తిరిగొస్తుందాండి?

రిమ్ము రాజా:
195 (మి.మీ.లో టైరు వెడల్పు) వద్దండి. వెడల్పు, బరువు పెరిగితే ఇంజనుకే భారం. పైగా 195/60 చుట్టుకొలత 1 శాతం తక్కువ. మీటరు ఎక్కువ తిరిగి, లేని మైలేజీ ఉన్నట్టు చూపిస్తుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని, హెచ్ అంటే 210 కి.మీ. వేగం వరకు పనికొస్తుందని. ఈ రెండూ తగ్గకూడదు.

ఇక డబ్బు లెక్క. టైరు నేలకు తగిలిన చోట రబ్బరు నలిగి లేస్తుంది, ఆ నలుగుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. రోలింగ్ రెసిస్టెన్స్ అంటే అదే. దాన్ని 10 శాతం తగ్గిస్తే పెట్రోల్ మిగిలేది 1–2 శాతమే. ఒక సెట్టు 40,000 కి.మీ. వస్తుందనుకుంటే మీకు 2,500 లీటర్లు పడుతుంది. రెండు టైర్ల మధ్య 20 శాతం తేడా ఉన్నా ఆదా 50–100 లీటర్లు. లీటరు 110 అనుకుంటే 5,500 నుంచి 11,000. నాలుగింటి మీద ధర తేడా 5,000 లోపు ఉంటే తీసుకోండి, దాటితే ఆలోచించండి.

బ్రిడ్జ్‌స్టోన్ ఈకోపియా, యోకోహామా బ్లూఎర్త్, సియట్ ఫ్యూయెల్‌స్మార్ట్ ఈ కోవలోవే. మీ సైజులో స్టాకు ఉందో లేదో అడగండి. పేరులో 'ఈకో' ఉంటే సరిపోదు, బీఈఈ స్టార్ లేబుల్ (ఫ్రిజ్‌లు, ఏసీల మీద ఉండే లాంటి నక్షత్రాల గుర్తు) ఉందేమో చూడండి. అన్నిటికీ ఉండదు. యూరప్ లేబుల్ ఉన్నదైతే పెట్రోల్ బంకు బొమ్మ పక్కన ఏ నుంచి ఈ దాకా అక్షరం ఉంటుంది, ఏ మేలు.

భీమిలి గాలి:
అదే లేబుల్ మీద వాన బొమ్మ కూడా చూడండి. తడి గ్రిప్పు వదులుకుని మైలేజీ కొనడం మన విశాఖలో తెలివైన పని కాదు. జూన్ నుంచి నవంబరు దాకా వానలే, సింహాచలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకే ముఖ్యం. ట్రెడ్‌లో (నేలకు తగిలే గాళ్ల పొరలో) సిలికా బాగా కలిపిన టైర్లు రెండు పనులూ చేస్తాయి, కాకపోతే ధర కాస్త ఎక్కువ.

ఇంకోటి. కొత్తవి వేయగానే మైలేజీ పడిపోయిందని కంగారు పడకండి. మీ సైజు వ్యాసం సుమారు 621 మి.మీ. 8 మి.మీ. ట్రెడ్ 1.6కి, అంటే అరుగుదల గుర్తు దాకా, అరిగేసరికి వ్యాసం దాదాపు 13 మి.మీ. తగ్గుతుంది, అంటే 2 శాతం. ఇన్నాళ్లూ మీ మీటరు ఆ మేరకు ఎక్కువ చూపించింది. దానికి తోడు లోతైన కొత్త ట్రెడ్ ఎక్కువ నలుగుతుంది కూడా.

సముద్రపు గాలికి ఇనుప రిమ్ముల అంచు తుప్పు పట్టి, టైరు కూర్చునే చోట గాలి మెల్లగా పోతుంది. పాత టైరు తీసినప్పుడే ఆ అంచు వైర్ బ్రష్‌తో రుద్దించండి, వాల్వులు కొత్తవి వేయించండి. ఇది చేయకపోతే ఎంత ఖరీదైన టైరు వేసినా గాలి తగ్గి మైలేజీ పోతుంది.

అలైన్‌మెంట్ ఆసామి:
బిల్లులో జీఎస్టీ 18 శాతమే ఉండాలి, 28 కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గింది. టైరు పక్కన డాట్ కోడ్ (DOT అని మొదలయ్యే తయారీ కోడ్) చివరి నాలుగంకెలు చూడండి: 2325 అంటే 2025లో 23వ వారం. నాలుగింటికీ చూడండి, స్టాకులో పాతది ఒకటి కలిపేస్తుంటారు.

బ్యాలెన్సింగ్‌తో పాటు అలైన్‌మెంటు తప్పనిసరి. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా ఉంటే టైరు పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది, ట్రెడ్ ఒక అంచునే అరుగుతుంది. ప్రస్తుతానికి రెండే కొంటే వెనక వేయించండి.

మద్దిలపాలెం పెట్రోల్:
నైట్రోజన్ కొట్టిస్తే తేడా ఉంటుందాండి?

భీమిలి గాలి:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందండి. ఊరికే ఇస్తే సరే, డబ్బులిచ్చి వద్దు. పదిహేను రోజులకోసారి, బండి నడపకముందు, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంత కొట్టించండి. కుటుంబమంతా సామానుతో వెళ్లేటప్పుడు అదే స్టిక్కరు మీద ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటుంది, అది పెట్టండి.