చాక్లెట్‌లో ముంచిన ప్రెట్జెల్ కడ్డీలు: పోయినేడు తెల్లమచ్చలు వచ్చాయి, ఈసారి గిఫ్టులకు సరిగ్గా చేయాలి

సస్క్వెహానా ఒడ్డు:

అందరికీ నమస్కారం. మేం పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఉంటాం, వచ్చి మూడేళ్లయింది. మా పాప రెండో తరగతి. డిసెంబర్ సెలవులకు ముందు వాళ్ల టీచర్‌కి, స్కూలు బస్సు నడిపే ఆవిడకి, మా వీధిలో ఏడెనిమిది ఇళ్లకి, మావారి ఆఫీసులో నలుగురికి నా చేత్తో ఏదైనా చేసి ఇవ్వాలని ఉంది. లెక్కేస్తే 14 ప్యాకెట్లు తేలాయి. ఇక్కడ ఎవరింటికి వెళ్లినా చాక్లెట్‌లో ముంచిన ప్రెట్జెల్ కడ్డీలు (పిండితో పొడిగా కాల్చిన, ఉప్పురవ్వలద్దిన కరకరలాడే పుల్లలు) కనిపిస్తాయి కాబట్టి అవే ఎంచుకున్నాను.

పోయినేడు ఒకసారి చేశాను. చాక్లెట్ చిప్స్ మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే చిక్కటి ముద్దయింది. పలచబడుతుందని రెండు చెంచాల పాలు పోస్తే రవ్వరవ్వగా విడిపోయి ఇంకా గట్టిపడింది. రెండో గిన్నె బాగానే కరిగింది. ముంచి, తొందరగా ఆరతాయని ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు బయటకు తీసి ప్యాకెట్లు కట్టాను. ఇంకో రెండు రోజులకు చూస్తే పైన బూజు పట్టినట్టు తెల్లటి మచ్చలు, ప్రెట్జెల్ కూడా మెత్తబడింది. "అమ్మా, పాడైపోయాయా?" అని పాప అడిగితే చాలా బాధేసింది. ఎవరికీ ఇవ్వలేదు, కొన్నవే ఇచ్చాం.

ఏ చాక్లెట్ కొనాలి, 14 ప్యాకెట్లకు ఎంత కావాలి, ఎన్ని రోజుల ముందు చేసుకోవచ్చు? చేసినవాళ్లు చెప్పండి, ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.

ప్లేనో వంటిల్లు:

టెన్షన్ పడకండి. క్యాండీ మెల్ట్స్ అనే, కరిగించి ముంచడానికే అమ్మే చాక్లెట్ లాంటి బిళ్లలు గానీ, ఆల్మండ్ బార్క్ అని అచ్చుగా అమ్మేది గానీ తెచ్చుకోండి. కరిగించడం, ముంచడం, అంతే. పేరులో బాదం ఉన్నా అందులో బాదం ఉండదు. నేను ఏటా దానితోనే చేస్తాను, ఎప్పుడూ తెల్లబడలేదు. రుచి మాత్రం అసలు చాక్లెట్ అంత ఉండదు, కొంచెం మైనంలా అనిపిస్తుంది. పిల్లలు పట్టించుకోరు.

లాంకాస్టర్ పెద్దక్క:

మీ పోస్టు చదవగానే రాయకుండా ఉండలేకపోయాను. పాలు పోయడం, ఫ్రిజ్‌లో పెట్టడం, రెండూ నేనూ చేశాను. మేం లాంకాస్టర్ పక్కన ఇల్లు కొనుక్కున్న మొదటి డిసెంబర్‌లో పక్కింటి పెద్దావిడ ఒక రేకు డబ్బా నిండా ఇవే చేసి తెచ్చి ఇచ్చారు. ఈ వైపు చాలామందిలాగే వాళ్లదీ జర్మన్ మూలాలున్న కుటుంబం, ఈ ప్రాంతానికి ప్రెట్జెల్‌ను తెచ్చింది కూడా వాళ్ల పూర్వీకుల్లాంటి వలసదారులే. ఆవిడ పక్కన నిలబడి రెండు డిసెంబర్లు నేర్చుకున్నాను. (వీలైతే పాపను లిటిట్జ్ తీసుకెళ్లండి. 1861లో మొదలైన జూలియస్ స్టర్జిస్ బేకరీ ఉంది, వచ్చినవాళ్ల చేత పిండి మెలితిప్పిస్తారు. మా పిల్లలు ఇప్పటికీ ఆ ముడి వేసి చూపిస్తారు.)

ముందు పాల సంగతి. చాక్లెట్‌లో తడి అన్నదే లేదు. కోకో బటర్ అనే కొవ్వులో చక్కెర, కోకో పొడి కలిసి ఉంటాయి, అంతే. దానికి నాలుగు చుక్కల నీళ్లు తగిలితే చక్కెర తడిసి, పొడంతా ఒకదానికొకటి అతుక్కుని ఇసుకముద్దలా బిగుసుకుపోతుంది. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టనిస్తామా? ఇక్కడా అంతే పట్టింపు. గిన్నె, గరిటె, గ్లాసు అన్నీ ముందురోజే కడిగి ఆరబెట్టుకోండి. పలచన కావాలంటే వెన్న కూడా వద్దు, అందులోనూ నీళ్లుంటాయి. వాసన లేని రిఫైన్డ్ కొబ్బరినూనె 12 ఔన్సుల చిప్స్‌కి రెండు టీస్పూన్లు చాలు. చిప్స్ ఓవెన్‌లో కూడా ఆకారం నిలుపుకోవాలని చేసినవి. వాటిలో కోకో బటర్ తక్కువ, అందుకే కరిగినా చిక్కగా ఉంటాయి. మీ మొదటి గిన్నె పాలకు ముందే ముద్దయ్యిందంటే వేడి ఎక్కువై ఉంటుంది. మైక్రోవేవ్‌ను సగం పవర్‌లో పెట్టి, 30 సెకన్లకోసారి తీసి కలపండి. పైకి గింజలు గింజలుగానే కనిపిస్తాయి కానీ గరిటె పెడితే జారిపోతాయి. ఇంకా నాలుగు గింజలు కరగకుండా ఉన్నప్పుడే ఆపేయండి, కలుపుతుంటే ఆ వేడికే కరుగుతాయి. ఎప్పుడైనా మళ్లీ ముద్దకడితే పారేయకండి, వేడి పాలు ఎక్కువగా పోసి తాగేయొచ్చు.

తెల్లమచ్చలు బూజు కాదు. రెండు రకాలుంటాయి. వేలితో రుద్దితే గరుకుగా తగిలితే అది చక్కెర. ఫ్రిజ్‌లోంచి తీయగానే చల్లటి చాక్లెట్ మీద గాలిలోని తేమ నీరై పడుతుంది, ఆ నీటికి పై చక్కెర కరిగి, ఆరాక తెల్లగా తేలుతుంది. మీ ప్రెట్జెల్ మెత్తబడిందన్నారు కాబట్టి నాకు ఇదే అనిపిస్తోంది. నున్నగా ఉండి వేలివేడికి మాయమైతే అది కొవ్వు. కోకో బటర్ సరైన తీరులో గడ్డకట్టకపోతే మెల్లగా పైకి వచ్చి బూడిదరంగు పొరలా కనబడుతుంది. రెండూ తినడానికి హాని లేనివే, కానీ గిఫ్టుగా ఇవ్వబుద్ధి కాదు.

ఈ రెండోది రాకుండా చేసేదే టెంపరింగ్, అంటే చాక్లెట్‌ను లెక్కగా వేడిచేసి చల్లార్చి కోకో బటర్ సరైన తీరులో గడ్డకట్టేలా చేయడం. ప్లేనో వాళ్లు చెప్పిన క్యాండీ మెల్ట్స్‌కి అది అక్కర్లేదు, ఎందుకంటే వాటిలో కోకో బటర్ బదులు పామ్ కెర్నల్ నూనె లాంటివి ఉంటాయి. ప్యాకెట్ వెనక చదివితే తెలిసిపోతుంది. కోకో బటర్ అని ఉంటే టెంపర్ చేయాలి, పామ్ నూనె అని ఉంటే కరిగించి ముంచడమే. మీకు ఒక్క సాయంత్రమే తీరిక ఉంటే రెండోది కొనండి, అందులో తప్పేం లేదు. కానీ మూడేళ్లుగా మీ పాపను బస్సు ఎక్కించుకుని తీసుకెళ్తున్న మనిషికి ఇస్తున్నారు కదా, నేనైతే మంచి డార్క్ చాక్లెట్ తెచ్చి టెంపర్ చేస్తాను. ఉప్పగా ఉండే ప్రెట్జెల్ మీద కాస్త చేదు కలిసిన చాక్లెట్ రుచే వేరు.

కష్టం కాదు. అరిసెల పాకం పట్టినవాళ్లకు అసలు కాదు. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది, మనకు కావాల్సింది ఐదోది. అదే మెరుపు, అదే విరిస్తే వచ్చే టక్ మన్న చప్పుడు. మంచి చాక్లెట్ అచ్చులో ఆ స్ఫటికాలు ముందే ఉంటాయి కాబట్టి దాన్నే తోడులా వాడతాం, పెరుగుకు తోడేసినట్టే. చాక్లెట్ సన్నగా తరిగి, మూడింట రెండొంతులు కరిగించండి. డార్క్ అయితే 115 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కాలి. దింపి, మిగిలిన ఒక వంతు కొంచెం కొంచెంగా వేస్తూ కలుపుతూ ఉండండి. 90కి దిగాక ముంచడం మొదలు. పని జరుగుతున్నంతసేపూ 88, 90 మధ్య ఉంచండి. పాల చాక్లెట్‌కి ఇంకో రెండు డిగ్రీలు తక్కువ. వంటింటి డిజిటల్ థర్మామీటర్ చాలు. పాకం నీళ్లలో వేసి చూసినట్టు దీనికీ ఒక పరీక్ష ఉంది: చాకు మొన ముంచి బల్ల మీద పెట్టండి. ఐదారు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే కుదిరినట్టే. చారలొచ్చినా, జిగటగా ఉన్నా ఇంకాస్త తరిగిన చాక్లెట్ వేసి కలపండి. కొబ్బరినూనె మాట చిప్స్‌కే, టెంపర్ చేసేదానిలో నూనె వేయకండి, మెత్తబడిపోతుంది.

ముంచడానికి వెడల్పు గిన్నె వద్దు. పొడుగాటి గాజు గ్లాసులో చాక్లెట్ పోస్తే కడ్డీ మూడొంతులు ఒక్కసారే మునుగుతుంది. ముంచేముందు పెద్ద ఉప్పురవ్వలు చేత్తో దులపండి, లేకపోతే గ్లాసులో రాలి చివరి కడ్డీలు మరీ ఉప్పగా వస్తాయి. అంతా దులపొద్దు, కొంత ఉండాలి. తీశాక గ్లాసు అంచుకు తట్టి, అడుగువైపు అంచుకు ఒక్కసారి గీరండి. అలా చేయకపోతే పార్చ్‌మెంట్ కాగితం మీద పెట్టినప్పుడు చాక్లెట్ జారి పాదంలా పరుచుకుంటుంది.

పైన చల్లే రంగుల పలుకుల విషయంలో ఒక మాట. కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అని ఉంటే అది లక్కపురుగు నుంచి వచ్చేది, కార్మైన్ అనే ఎరుపు కూడా పురుగు నుంచే. శాకాహారులకు ఇచ్చేటట్టయితే చూసుకోండి. నేను వేయించి దంచిన పిస్తా చల్లేదాన్ని, అందంగా ఉంటుంది. కానీ స్కూలుకు పంపేవాటికి గింజలేవీ వద్దు. ఇంట్లో చేసిన తిండి తీసుకుంటారో లేదో కూడా టీచర్‌ని ముందే అడగండి.

కొలత: 12 ఔన్సులకు నాకు 25 కడ్డీల దాకా వస్తాయి. ప్యాకెట్‌కి నాలుగు చొప్పున మీకు 56 కావాలి. చివర్లో గ్లాసు అడుగున ముంచడానికి లోతు చాలదు కాబట్టి 36 ఔన్సులు తెచ్చుకోండి. మిగిలినది కాగితం మీద పరిచి, విరిగిన కడ్డీల ముక్కలు అద్దితే ఇంట్లోవాళ్లకు సరిపోతుంది.

బెజవాడ బేకింగ్:

అక్కా, మాకిక్కడ ప్రెట్జెల్ కడ్డీలు సులువుగా దొరకవు. జంతికలు ముంచితే కుదురుతుందా? మేం కాంపౌండ్ చాక్లెట్ (మీ క్యాండీ మెల్ట్స్ లాగే కోకో బటర్ బదులు వేరే నూనెతో చేసినది) వాడతాం.

లాంకాస్టర్ పెద్దక్క:

ఒకసారి సంక్రాంతికి ప్రయత్నించానమ్మా. జంతిక నూనెలో వేగింది కదా, ఆ నూనె మీద చాక్లెట్ సరిగ్గా పట్టదు, రెండోరోజుకు పెచ్చులుగా ఊడింది. ప్రెట్జెల్ పొడిగా కాల్చినది కాబట్టి పట్టుకుంటుంది. మీకు బేకరీలో దొరికే సూప్ స్టిక్స్ నయం, అవీ కాల్చినవే. ఉప్పు తక్కువగా ఉంటే ఆరకముందే పైన రవ్వంత ఉప్పు చల్లండి. మీ ఎండకు కాంపౌండే మంచిది. వానరోజున మాత్రం పెట్టుకోకండి, కడ్డీ ముంచేలోపే మెత్తబడుతుంది.

సస్క్వెహానా ఒడ్డు:

పెద్దక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. పోయినేటి ప్యాకెట్ ఒకటి అలమారలో ఉండిపోయింది. తీసి రుద్దితే గరుకుగానే తగిలింది. చక్కెరే. ఒక్క సందేహం: ఫ్రిజ్ వద్దంటే ఎక్కడ ఆరబెట్టాలి, ఎన్ని రోజులు నిలవ ఉంటాయి?

లాంకాస్టర్ పెద్దక్క:

టెంపర్ కుదిరితే బల్ల మీదే పావుగంటలో గట్టిపడతాయి. 65, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండే గది చాలు, స్టవ్ పక్కన వద్దు. అన్నం కుక్కర్ కూత పెడుతున్నప్పుడు అసలే వద్దు, ఆవిరి వంటిల్లంతా నిండుతుంది. నేను పిల్లలు పడుకున్నాక చేస్తాను. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున ప్యాకెట్లు కట్టి రేకు డబ్బాలో పెట్టి మూత బిగిస్తాను. రెండు వారాలు కరకరలాడుతూనే ఉంటాయి. సెలవులకు వారం ముందు చేసుకోండి. ముందు ఆరు కడ్డీలతో ఒక్కసారి చేసి చూడండి, చెయ్యి అలవాటవుతుంది.

సస్క్వెహానా ఒడ్డు:

శనివారం రాత్రి ఆరు చేశాను. మొదటి చాకు పరీక్షలో చారలొచ్చాయి. ఇంకో గుప్పెడు తరుగు వేసి, 89 దగ్గర మళ్లీ చూస్తే మెరిసింది. ఆదివారం పొద్దున పాప ఒకటి విరిచింది, ఆ చప్పుడు పక్కగదిలో ఉన్న మావారికి వినబడింది. ఇవాళ గురువారం, ఒక్క మచ్చ లేదు. టీచర్ గారు ఇంట్లో చేసినవి తీసుకుంటారట, అడిగాను. 36 ఔన్సులు తెచ్చిపెట్టుకున్నాను. ప్యాకెట్ల మీద పేర్లు రాసే పని పాప తీసుకుంది, బస్సు ఆవిడ పేరు అప్పుడే రాసేసింది.