డార్క్ బ్రౌన్ ఇంకు పెన్నులో పోస్తే నల్లగా రాస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్తే అండీ. ఇన్నాళ్లూ నీలం, నలుపు ఇంకులే వాడాను. ఈమధ్య మొదటిసారి ఒక డార్క్ బ్రౌన్ ఇంకు తీసుకున్నాను. దూదిపుల్లతో కాగితం మీద పూస్తే ఎర్రటి జీరతో చాలా బాగుంది. పెన్నులో నింపి రాస్తే మాత్రం దాదాపు నలుపే. రెండు వారాలకు ఇంకా నల్లబడింది. పాళీ మీడియం, ఇంకు ధారాళంగా దిగుతుంది. అంతకుముందు అందులో నల్ల ఇంకు ఉండేది, నీళ్లతో రెండు మూడుసార్లు కడిగాను. లోపం ఇంకులో ఉందా? నీళ్లు కలిపి పలచన చేయవచ్చా?

జవాబు:
అప్పుడే ఇంకును అనుమానించకండి. మీరు రాసినదాంట్లోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది పాత ఇంకు. పాళీ కింద ఉండే ఫీడ్‌లో సన్నటి గాడులుంటాయి. రెండుసార్లు కడిగితే పైన ఉన్నది పోతుంది కానీ, ఆ గాడుల్లో ఇరుక్కున్నది పోదు. నీలం ఇంకులో కాస్త నలుపు కలిసినా కంటికి పెద్దగా తెలియదు. బ్రౌన్ అలా కాదు, కొద్దిపాటి నలుపు చాలు దాన్ని మింగేయడానికి. కన్వర్టర్ (పెన్నులో ఇంకు నింపే చిన్న గొట్టం) తీసి విడిగా కడగండి. పాళీ ఉన్న భాగాన్ని మామూలు నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొద్దున పాళీ మొనను మడిచిన టిష్యూ మీద ఆనించి చూడండి. తడి మాత్రమే వస్తే సరే, రంగు కనిపిస్తే మళ్లీ నానబెట్టండి. వేడి నీళ్లు, స్పిరిట్ మాత్రం వద్దు, పెన్ను పాడవుతుంది.

రెండోది ఆవిరి. పెన్ను మూత ఎంత బిగుతుగా ఉన్నా లోపల నీరు కొంచెం కొంచెంగా ఆరుతుంది, రంగు మాత్రం మిగిలిపోతుంది. రెండు వారాలకు ఇంకా నల్లబడిందన్నారే, అది చాలావరకు ఇదే. కొత్త ఇంకును కన్వర్టర్ నిండా కాకుండా సగమే నింపి, వారంలో రాసేయండి.

మూడోది మీ పాళీ. ధారాళంగా వదిలే పాళీతో ముదురు ఇంకు గీత మందంగా పడుతుంది, అందులోని ఎరుపు కంటికి అందదు. అదే ఇంకును సన్న పాళీలో పోసి చూడండి, వేరే ఇంకేమో అనిపిస్తుంది.

బ్రౌన్ సాధారణంగా ఒకే రంగుపదార్థం కాదండీ. పసుపు లేదా నారింజ, ఎరుపు, వాటిని ముదురు చేయడానికి నీలమో నలుపో కలుపుతారు. టిష్యూ పట్టీ మీద ఒక చుక్క పెట్టి, పట్టీ చివర నీళ్లకు తగిలేలా నిలబెట్టండి. నీరు పైకి ఎక్కుతూ ఆ రంగుల్ని విడదీస్తుంది. కొత్త బ్రౌన్ ఏది వచ్చినా నేను ముందు ఇదే చేస్తాను. లోపల ఏముందో తెలిస్తే ఆ ఇంకు మీద ఇష్టం పెరుగుతుంది.

ఇక నీళ్లు కలపడం. సీసాలో మాత్రం ఎప్పుడూ కలపకండి. బూజు పట్టకుండా వేసే మందు పలచబడిపోతుంది. కావాలంటే చిన్న గాజు బుడ్డిలో పది చుక్కల ఇంకుకు ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ కలిపి చూడండి. అదీ పెన్ను బాగా కడిగాకే.

మరొక జవాబు:
పైవారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మీ ఇంకు ఏ రకమో లేబుల్ మీద చూడండి. ఐరన్ గాల్ ఇంకు (ఇనుప లవణం, మాచికాయల సారం కలిపి చేసేది) అయితే గాలి తగిలి ముదరడం దాని స్వభావమే. ప్లాటినం కంపెనీ క్లాసిక్ వరసలోని సెపియా బ్లాక్ అలాంటిదే. పైలట్ ఇరోషిజుకు యమా-గురి సాదా ఇంకే అయినా ముదురు రంగే, యమా-గురి అంటే జపనీస్‌లో అడవి చెస్ట్‌నట్ అని అర్థం. తేలిక బ్రౌన్ కావాలంటే పెలికాన్ ఎడెల్‌స్టైన్ స్మోకీ క్వార్ట్జ్ చూడండి.

సెపియా అన్న పేరు కటిల్‌ఫిష్ నుంచి తీసే సిరా వల్ల వచ్చింది. ముంచి రాసే పెన్నులకని అమ్మే వాల్‌నట్ ఇంకులు, లక్క కలిసిన డ్రాయింగ్ ఇంకులు రంగు ఎంత నచ్చినా ఫౌంటెన్ పెన్నులో పోయకండి. లోపల గట్టిపడితే వదిలించడం కష్టం.

రంగును పగటి వెలుతురులో, రాసిన మర్నాడు చూడండి. పసుపు బల్బు కింద, తడి ఆరకముందు చూసి తేల్చకండి.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. లేబుల్ చూశాను, ఐరన్ గాల్ కాదు, సాదా ఇంకే. రెండు రాత్రులు నానబెట్టాను. మొదటి రోజు నీళ్లు బూడిద రంగులోకి వచ్చాయి, అంటే నలుపు ఇంకా ఉందన్నమాట! సగం నింపి రాస్తే ఇప్పుడు గీత మొదట్లో ఎరుపు, ఆగిన చోట ముదురు బ్రౌన్ కనిపిస్తున్నాయి. నీళ్లు కలపాల్సిన పని లేకపోయింది. ఇంకొక్క సందేహం. దీంతో దరఖాస్తుల మీద సంతకం పెట్టవచ్చా?

జవాబు:
ఒక గీత గీసి, ఒక రోజు ఆరనిచ్చి, మీద నీటి చుక్క వేయండి. కొన్ని బ్రౌన్ ఇంకుల్లో ఎరుపు, పసుపు కొట్టుకుపోయి బూడిద గీత మిగులుతుంది, కొన్నిట్లో అదీ మిగలదు. మీది అలా అయితే ఉత్తరాలకు, నోట్సుకు ఉంచుకోండి. సంతకానికి డాక్యుమెంట్ ఇంకు (నీళ్లు తగిలినా చెరగనిది) అని రాసి ఉన్నది వేరే తీసుకోండి. అది పోసే పెన్నును ఎండనివ్వకుండా రోజూ వాడండి.