హిమానీనదాలు ‘వెనక్కి వెళ్తున్నాయా’?

వార్తల్లో ఈ మాట పదేపదే కనిపిస్తోంది: హిమానీనదాలు (గ్లేసియర్లు) వెనక్కి వెళ్తున్నాయట. ఇంకాస్త గ్రాంథికంగా రాసేవాళ్లు ‘తిరోగమనం’ అంటున్నారు. నాకు రెండూ నచ్చడం లేదు. అందులోని మంచు ఎప్పుడూ పల్లానికే జారుతుంది, ఒక్క ఏడాది కూడా కొండెక్కదు. పైన పేరుకునే దానికన్నా కింద కరిగేది ఎక్కువైతే, చివరి అంచు పైకి జరిగినట్టు కనిపిస్తుంది, అంతే. గంగోత్రిలో దశాబ్దాలుగా వెనక్కి జరుగుతున్నది గోముఖ్ అనే ఆ అంచే.

పైగా నష్టం పొడవులోనే కాదు, మందంలోనూ ఉంది. స్విట్జర్లాండ్‌లో 2022, 2023 రెండేళ్లకే ఉన్న మంచులో దాదాపు 10 శాతం పోయింది. దాన్ని వెనకడుగు అంటే ఏం అర్థమవుతుంది? ‘తరిగిపోతున్నాయి’ అందామా? చంద్రుడికి వాడే మాటే. కాకపోతే ఆయన మళ్లీ పెరుగుతాడు.

వ్యాఖ్యలు:

— ‘చిక్కిపోతున్నాయి’ ఇంకా నయం. మందం తగ్గడం వెంటనే తెలుస్తుంది.

— క్రియ సరే, ముందు నామవాచకం చూడండి. హిమ, అరణ్య శబ్దాలకు ‘పెద్దది’ అనే అర్థంలో ‘ఆనీ’ చేరుతుంది. అరణ్యానీ అంటే మహారణ్యం. అమరకోశంలో ‘హిమానీ హిమసంహతిః’ అని ఉంది, అంటే మంచురాశి. నదం అంటే పారేది. పెద్దతనం పోతే అది ఉత్త హిమం, కదలిక పోతే నదమూ కాదు. పేరులో సగం సగం రాలిపోతుందన్నమాట.

— మీరు సరదాగా అన్నారేమో గానీ ఐస్‌లాండ్‌లో నిజంగానే జరిగింది. అక్కడ ఓక్ అనే కొండ మీది హిమానీనదం పేరు ఓక్‌యోకుల్. ‘యోకుల్’ అంటే హిమానీనదం. తన బరువుకి తానే కదలలేనంత పలచబడిందని 2014లో దాన్ని హిమానీనదాల లెక్కలోంచి తీసేశారు. ఇప్పుడు ఉత్త ‘ఓక్’ అంటారు. 2019లో అక్కడొక స్మారక ఫలకం కూడా పెట్టారు.

— అయితే పోస్టులో ‘కొండెక్కదు’ అన్నది దిద్దుకోవాలండీ. దీపం ఆరిపోతే ఏమంటాం?

— నిజమే. ఓక్‌యోకుల్ కొండెక్కింది. ఆ ఒక్కదానికీ నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా. మిగతావాటికి ‘చిక్కిపోవడం’ ఖాయం చేద్దాం.