హియర్‌ఇన్, దేర్‌ఆఫ్, వేర్‌యాజ్: ఒప్పందాల్లో ఈ పాత ఇంగ్లీషు మాటలు ఇంకా ఉండాలా?

న్యాయవిద్యార్థిని:
ఇంగ్లీషులో రాసిన అద్దె ఒప్పందాన్ని గాని, క్రయ దస్తావేజును గాని తెరిస్తే హియర్‌బై (ఇందుమూలంగా), హియర్‌ఇనాఫ్టర్ (ఇందులో ఇకపై), దేర్‌టు (దానికి), వేర్‌ఆఫ్ (దేని యొక్క) వంటి మాటలు వరుసగా ఎదురవుతాయి. హియర్, దేర్, వేర్ మూడింటి వర్ణక్రమంలోనూ హెచ్, ఇ, ఆర్, ఇ అనే నాలుగక్షరాలు అదే వరుసలో ఉంటాయి. వాటికి ఆఫ్, ఇన్, బై, టు వంటివి చేరి ఈ కుటుంబం ఏర్పడింది. సంతకం చేసేవారికి అర్థం కాని ఈ మాటలను పూర్తిగా తొలగించాలని నా అభిప్రాయం.

దస్తావేజు లేఖరి:
అది తొందరపాటు. ఇవి వకీళ్లు కల్పించుకున్న మాటలు కావు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, 'ఇట్స్' అనే రూపం అప్పటికింకా స్థిరపడనందువల్ల, 'దాని' అనవలసిన చోట్ల తరచుగా దేర్‌ఆఫ్ కనిపిస్తుంది. జర్మన్‌లో ఇదే తీరున ఏర్పడిన డమిట్ (దానితో), డఫోన్ (దాని నుంచి) నేటికీ వాడుకలో ఉన్నాయి. మన రాజ్యాంగ పీఠికలోనే 'హియర్‌బై అడాప్ట్' అని ఉంది కదా! న్యాయస్థానాల్లో నలిగి నిలిచిన మాటను మార్చితే, కొత్త మాటతో కొత్త వ్యాజ్యం మొదలవుతుంది.

భాషాభిమాని:
అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే మీ ఇద్దరి వాదనలూ బలహీనపడుతున్నాయి. హియర్‌బై ఒక పని చేస్తుంది: ఈ వాక్యం రాయడంతోనే ఆ కార్యం జరిగిపోయిందని చెబుతుంది. మాటతోనే కార్యం జరిపే వాక్యాలను గుర్తించడానికి తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ ఈ మాటనే ఒక గుర్తుగా తీసుకున్నారు. రాజ్యాంగ పీఠికలో దాని స్థానం న్యాయమైనదే.

హియర్‌ఇన్ (ఇందులో) సంగతి వేరు. ఇరవై షరతులున్న ఒప్పందంలో ఏడవ షరతు కింద 'హియర్‌ఇన్ పేర్కొన్న చెల్లింపులు' అని రాస్తే, అవి ఏడవ షరతులోనివా, మొత్తం ఒప్పందంలోనివా? ఖచ్చితత్వం కోసమని పెట్టిన మాటే సందిగ్ధానికి మూలమవుతుంది, దాని భారం చివరకు అద్దెదారుపైనో కొనుగోలుదారుపైనో పడుతుంది. న్యాయస్థానాలు దీని అర్థాన్ని ఆయా పత్రాల సందర్భాన్ని బట్టి తేల్చవలసి వస్తుంది కనుక, 'నలిగి నిలిచిన మాట' అన్న రక్షణ దీనికి వర్తించదు. 'ఈ షరతులో' అనో, 'ఈ ఒప్పందంలో' అనో రాస్తే సరిపోతుంది. ఇక ఒప్పందం మొదట్లో పూర్వాపరాలు చెప్పే వాక్యాలకు ముందు పెట్టే వేర్‌యాజ్‌కు బదులు 'నేపథ్యం' అనే శీర్షిక చాలు.

మార్పుతో వ్యవస్థ కూలిపోతుందన్న భయమూ నిలవదు. ఇంగ్లండులో 1999లో వచ్చిన సివిల్ విధాన నియమాలు దావా వేసినవారిని సూచించే 'ప్లెయింటిఫ్' అనే మాటను 'క్లెయిమెంట్'గా మార్చాయి. అక్కడి న్యాయస్థానాలు యథావిధిగా నడుస్తూనే ఉన్నాయి. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రజల కోసం రాసే ప్రభుత్వ పత్రాలు స్పష్టమైన భాషలో ఉండాలని ఫెడరల్ సంస్థలను ఆదేశించింది.

దస్తావేజు లేఖరి:
హియర్‌ఇన్ విషయంలో అంగీకరిస్తాను. అయితే స్థలంతో పాటు దారి హక్కు, బావి నీటి హక్కు బదలాయించేటప్పుడు దేర్‌టు లేకుండా ఎలా రాయాలి?

భాషాభిమాని:
'షెడ్యూలు ఆస్తికి చెందిన దారి హక్కు, బావి నీటి హక్కు' అని ఆస్తి పేరునే మళ్లీ రాయండి. వాక్యం కొంత పెరుగుతుంది, కాని ఏ ఆస్తికి ఏ హక్కు అన్న ప్రశ్న మిగలదు.