రెసిస్టివిటీ సర్వేలో నీలం మచ్చ: పిల్లర్ వేయొచ్చా?

మాది నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర పల్లె. బెలుం గుహలు పక్కనే, కింద అంతా సున్నపురాయే. అందుకే ఇంటి పునాదికి ముందు రెసిస్టివిటీ సర్వే (నేల కరెంటుని ఎంత అడ్డుకుంటుందో కొలిచి కింద ఏముందో అంచనా వేసేది) చేయించాను. రెండు మీటర్లకొకటి చొప్పున కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి కొలిచారు. నేల ఎండిపోయినచోట కడ్డీ చుట్టూ ఉప్పునీళ్లు పోశారు. (బోరు పాయింటు చూస్తున్నారనుకుని మా నాయన కొబ్బరికాయ తెచ్చాడు!)

రిపోర్టులో చాలామటుకు 1000 ఓమ్ మీటర్ల పైనే ఉంది. ఈశాన్యం మూలలో పిల్లర్ వచ్చేచోట మాత్రం 5 మీటర్ల లోతున 30 ఓమ్ మీటర్ల నీలం మచ్చ (రిపోర్టు బొమ్మలో నీలం అంటే రెసిస్టివిటీ తక్కువని). ఖాళీ గుహైతే లోపలి గాలికి రెసిస్టివిటీ ఇంకా పెరగాలి కదా. తగ్గిందంటే బంకమన్ను నిండిన బొరియో, నీళ్లున్న పగులో అయ్యుండాలి. అదే తేలడం లేదు. సర్వేకి రెండు రోజుల ముందు వాన కూడా పడింది, ఆ తడి ప్రభావం ఏమైనా ఉందేమో.

సర్వే చేసినాయన "ఏం పర్లేదు, కట్టుకోండి" అన్నాడు. మేస్త్రీ ఏమో పిల్లర్ జరపమంటున్నాడు. నాకు టెన్షన్. సున్నపురాయి నేలలో కట్టినవాళ్లెవరైనా చెప్పండి: ఆ మచ్చ మీద ఒక్క బోరు వేసి మన్ను తీసి చూస్తే చాలా, అడ్డంగా ఇంకో లైను సర్వే కూడా చేయించాలా? బోరు ఎంత లోతు దాకా పోవాలి?