ఇటలీలో సీజీఐఎల్, సీఐఎస్ఎల్, యూఐఎల్ ఏ పార్టీల యూనియన్లు?

బొలోన్యా_స్టూడెంట్:
స్కాలర్‌షిప్‌కి ఈసే పేపర్ (ఇంటి ఆదాయం, ఆస్తుల సర్టిఫికెట్) చేయించుకుందామని కాఫ్ ఆఫీసుకెళ్తే (ఇలాంటి ట్యాక్స్ పేపర్లు చేసిపెట్టే సెంటర్) అది సీజీఐఎల్ యూనియన్ వాళ్ళదట, మెంబర్‌షిప్ తీసుకుంటావా అని కూడా అడిగారు. మన దగ్గర ఐఎన్‌టీయూసీ అంటే కాంగ్రెస్, సీఐటీయూ అంటే సీపీఎం అని ఇట్టే చెప్పేస్తాం కదా, ఇక్కడ ఎవరు ఎవరి మనుషులు? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మిలానో_అన్న:
మొదట్లో అందరూ ఒకటే తమ్ముడూ. 1944లో కమ్యూనిస్టులు, సోషలిస్టులు, క్యాథలిక్కులు కలిసి రోమ్‌లో ఒప్పందం చేసుకుని సీజీఐఎల్‌ని మళ్ళీ నిలబెట్టారు. 1948 జులైలో కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి మీద కాల్పులు జరిగితే దేశమంతా సమ్మె, ఆ రాజకీయ సమ్మె మాకొద్దని క్యాథలిక్కులు బయటికొచ్చేశారు. అలా 1950కి సీఐఎస్ఎల్ అంటే క్రిస్టియన్ డెమోక్రాట్లు (క్యాథలిక్కుల పార్టీ), యూఐఎల్ అంటే సోషల్ డెమోక్రాట్లు, రిపబ్లికన్లు, సీజీఐఎల్‌లో కమ్యూనిస్టులు, సోషలిస్టులు మిగిలారు.

తోరినో_కార్మికుడు:
అన్న చెప్పింది కరెక్టే కానీ అక్కడితో ఆపితే సగమే తెలుస్తుంది. 1969 ఫ్యాక్టరీ పోరాటాల టైంలో యూనియన్ పదవిలో ఉంటే పార్టీ పదవి, ఎంపీ సీటు కుదరదని రూల్ పెట్టుకున్నారు, మన దగ్గర ఎంపీలే యూనియన్ ప్రెసిడెంట్లుగా ఉంటారే అలా ఉండదు ఇక్కడ. 1972లో మూడూ కలిసి ఫెడరేషన్ కూడా పెట్టాయి. దాన్ని కూల్చింది డీఏ గొడవే. 1984 ఫిబ్రవరి 14న సోషలిస్టు ప్రధాని క్రాక్సి డిక్రీ తెచ్చి ధరలతో పాటు పెరిగే జీతంలో కోత పెట్టాడు, సీఐఎస్ఎల్, యూఐఎల్ సరే అన్నాయి, సీజీఐఎల్‌లో కమ్యూనిస్టులు వద్దన్నారు, అందులోనే ఉన్న సోషలిస్టులు క్రాక్సి వైపు నిలబడ్డారు. ఒకే ఆఫీసులో కూర్చునేవాళ్ళు పార్టీని బట్టి చీలిపోయారు, నాకైతే చాలా బాధనిపించే ఘట్టం ఇది. ఆ కోత రద్దు చేయాలా అని 1985లో జనాన్నే ఓటడిగిన రెఫరెండంలో కోతే గెలిచింది.

మిలానో_అన్న:
అవును, 90ల్లో ఆ పాత పార్టీలే పోయాయి. 2014లో ప్రధాని రెంజీది సెంటర్ లెఫ్ట్ ప్రభుత్వమే అయినా ఆయన తెచ్చిన కార్మిక చట్టాల మార్పు, జాబ్స్ యాక్ట్ మీద సీజీఐఎల్, యూఐఎల్ డిసెంబర్ 12న సమ్మె చేశాయి, సీఐఎస్ఎల్ రాలేదు. 2025లో సీఐఎస్ఎల్ మాజీ నాయకుడు స్బర్రా ఏకంగా రైట్ వింగ్ ప్రధాని మెలోనీ ప్రభుత్వంలో చేరాడు. అంటే పార్టీ తాళ్ళు తెగాయి గానీ ప్రభుత్వంతో కొట్లాడాలా, కూర్చుని మాట్లాడాలా అనే తేడా అలాగే ఉంది.

బొలోన్యా_స్టూడెంట్:
థాంక్స్ అన్నా. మెంబర్ కాకపోతే ఈసే చేయరా మరి?

తోరినో_కార్మికుడు:
చేస్తారు, మెంబర్‌షిప్ నీ ఇష్టం. పార్ట్‌టైం జాబ్ దొరికితే మాత్రం సైన్ చేసేముందు ఆ కాంట్రాక్ట్ పట్టుకెళ్ళి యూనియన్ వాళ్ళకి ఒకసారి చూపించు.