ఎస్టీపీ బురద: క్రోమియం తక్కువ, ఆర్సెనిక్ ఎక్కువ వస్తున్నాయి, తేడా ఎక్కడ?

ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) డ్రైయింగ్ బెడ్ల మీద ఆరిన బురద కూరగాయల పొలాలకు పనికొస్తుందా అన్నది తేల్చాలి. పోల్చేది ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని సిటీ కంపోస్ట్ పరిమితులతో: పొడి బరువు మీద కిలోకు ఆర్సెనిక్ 10, క్రోమియం 50, కాడ్మియం 5, పాదరసం 0.15 మిల్లీగ్రాములు.

ఒక గ్రాము పొడికి నైట్రిక్ యాసిడ్, తర్వాత 30 శాతం పెరాక్సైడ్, చివర్లో హైడ్రోక్లోరిక్. హాట్‌బ్లాక్ (గొట్టాలను వేడిచేసే దిమ్మె) 95 డిగ్రీలు. రీడింగ్ ఐసీపీ-ఎంఎస్ (మూలకాలను అయాన్ల ద్రవ్యరాశిని బట్టి కొలిచే పరికరం) మీద. పాదరసానికి విడిగా నీడన ఆరబెట్టిన నమూనా (105 డిగ్రీల ఓవెన్‌లో పెడితే కొంత ఎగిరిపోతుంది).

రిఫరెన్స్ బురదలో (విలువలు ముందే ధ్రువీకరించిన నమూనా) క్రోమియం రికవరీ, అంటే ఉన్నదాంట్లో మాకు దొరికిన వాటా, 60 శాతం దాటట్లేదు. సర్టిఫికెట్‌లో ఉన్నది మొత్తం క్రోమియం విలువ. స్పైక్ (నమూనాకు మనమే కలిపే తెలిసిన మోతాదు) రికవరీ బాగుంది కానీ దాన్ని నమ్మలేం, స్పైక్ ముందే కరిగి ఉంటుంది. క్రోమైట్ లాంటి ఖనిజం ఈ యాసిడ్లకు లొంగదు. 50తో పోల్చాల్సింది యాసిడ్‌కు కరిగినదాన్నా, హైడ్రోఫ్లోరిక్‌తో మైక్రోవేవ్‌లో పూర్తిగా కరిగించినదాన్నా? ల్యాబుల్లో ఏది చెల్లుతోంది?

ఆర్సెనిక్ 12 చూపిస్తోంది. ఆర్గాన్, క్లోరిన్ కలిసి ఆర్సెనిక్ లాగే 75 ద్రవ్యరాశి దగ్గరే పడతాయని, అలాంటి జంట అయాన్లను తగ్గించే హీలియం మోడ్ పెడితే కాస్తే తగ్గింది. మిగిలింది రెండు ఛార్జీల నియోడిమియం, సమారియం (150 ద్రవ్యరాశి సగమై 75 దగ్గర కనిపిస్తుంది) వల్ల కావచ్చా? వాటిని హీలియం ఆపలేదు. ఆక్సిజన్ మోడ్‌లో (ఆర్సెనిక్‌కు ఆక్సిజన్ తగిలించి) 91 దగ్గర చదివినవాళ్లుంటే, బురదలో ఎంత తేడా వచ్చిందో చెప్పండి.